బొంగురు గొంతు వంశవృక్షం

వాల్వు రేడియో ఉన్న ఇంట్లో పెరిగినవాళ్లకు ఒక నిరీక్షణ గుర్తుంటుంది. స్విచ్ వేయగానే పాట వచ్చేది కాదు. ముందు డయల్ వెనక దీపం వెలిగేది, లోపల గాజు బుడ్లు ఎర్రబడేవి, ఆ తర్వాత ఎక్కడో దూరాన్నుంచి నడిచి వస్తున్నట్టు గొంతు దగ్గరయ్యేది. ట్రాన్సిస్టర్ వచ్చాక ఆ నిరీక్షణ పోయింది, దాంతోపాటు వాల్వులూ ఇళ్లలోంచి పోయాయి. ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవాళ్లు మాత్రం వాటిని వదల్లేదు. కొత్తగా గిటార్ పట్టినవాళ్లకు ఈరోజుకీ అదే సందిగ్ధం: వాల్వు యాంప్లిఫయర్ కొనాలా, వాల్వు ధ్వనిని లెక్కగట్టి వినిపించే డిజిటల్ మోడలర్ కొనాలా? మొదటిది అసలు, రెండోది నకలు అని చాలామంది తేల్చేస్తారు. ఈ వంశం పుట్టుక తెలిస్తే అంత తేలిగ్గా తేల్చలేం.

1904లో ఇంగ్లండ్‌లో జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ గాలి తీసేసిన గాజు బుడ్డిలో కరెంటు ఒకే దిక్కుకు పారేలా చేశాడు. నీటిని ఒకవైపే వదిలే కవాటం లాంటిది కాబట్టి దానికి వాల్వు అని పేరు. అమెరికావాళ్లు ట్యూబ్ అన్నారు, మనకు ఇంగ్లిషువాళ్ల మాట అలవాటైంది. రెండేళ్లకు అమెరికాలో లీ డి ఫారెస్ట్ ఆ బుడ్డిలో గ్రిడ్ అనే మూడో భాగాన్ని చేర్చాడు. గ్రిడ్ మీద పడిన చిన్న సంకేతం తన వెనకున్న పెద్ద ప్రవాహాన్ని ఆడిస్తుంది. యాంప్లిఫయర్‌కు మూలం ఇదే.

గిటార్‌కు దాని అవసరం తర్వాత వచ్చింది. బాకాలు, డ్రమ్ముల మధ్య గిటార్ ఎవరికీ వినపడేది కాదు. 1932లో రిక్కెన్‌బ్యాకర్ అమ్మిన తొలి ఎలక్ట్రిక్ గిటార్‌కు ఆకారాన్ని బట్టి వేపుడు పెనం అనే అర్థం వచ్చే ముద్దుపేరు పడింది. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసే దుకాణం నడిపిన లియో ఫెండర్ ఆ తర్వాతి దశాబ్దంలో యాంప్‌ల తయారీకి దిగాడు. వాల్వు కంపెనీలే ప్రచురించిన సర్క్యూట్లు ఆయనకు ఆధారం. ఆయన కోరింది ఒకటే, తీగ ఎలా మోగిందో అలాగే పెద్దగా వినిపించాలి. గొంతు బొంగురుపోవడం ఆయన లెక్కలో లోపం.

ఆ లోపమే సంగీతమైంది. 1951లో మెంఫిస్‌లో శామ్ ఫిలిప్స్ స్టూడియోకు ఐక్ టర్నర్ బృందం ‘రాకెట్ 88’ రికార్డు చేయడానికి వచ్చింది. దారిలో గిటార్ యాంప్ దెబ్బతింది. స్పీకర్‌లో కాగితం కుక్కి అలాగే వాయించారు. ఆ బరబర శబ్దమే రికార్డుకెక్కింది. 1964లో లండన్ కుర్రాడు, కింక్స్ బృందపు గిటారిస్టు డేవ్ డేవీస్, తన చిన్న యాంప్ స్పీకర్‌ను కావాలనే బ్లేడుతో కోశాడు. ‘యూ రియల్లీ గాట్ మీ’లో వినపడే గరుకుదనం ఆ కోతదే.

వాల్వుకు శక్తికి మించిన సంకేతం ఇస్తే ధ్వని అలల తలలు తెగుతాయి. ట్రాన్సిస్టర్‌లో ఆ తలలు ఒక్కసారిగా, కత్తితో నరికినట్టు తెగితే, వాల్వులో మెల్లగా నున్నగా అణగిపోతాయి. అణిగినచోట అసలు స్వరానికి పైస్థాయి అనుస్వరాలు పుట్టి ధ్వని చిక్కబడుతుంది. పైగా తీగను గట్టిగా మీటినప్పుడు కరెంటు సరఫరాయే ఒక క్షణం కుంగి, మళ్లీ లేస్తుంది. అందుకే మెత్తగా మీటితే తేటగా, గట్టిగా మీటితే గర్జిస్తూ, యాంప్ వేలికి బదులు చెబుతున్నట్టుంటుంది. 1960లలో ట్రాన్సిస్టర్ యాంప్‌లు తేలిగ్గా, చవగ్గా వచ్చినా చాలామందికి ఆ బదులు దొరకలేదు.

ఈ వంశంలో పెద్ద మలుపు లండన్ శివారు హాన్వెల్‌లో వచ్చింది. అక్కడ జిమ్ మార్షల్‌ది డ్రమ్ముల దుకాణం. అమెరికా నుంచి వచ్చే ఫెండర్ యాంప్‌లు బ్రిటన్ కుర్రాళ్లకు అందని ధర. 1962లో ఆయన దుకాణంలోని కెన్ బ్రాన్, డడ్లీ క్రేవెన్‌తో కలిసి ఫెండర్ బాస్‌మన్ యాంప్ సర్క్యూట్‌ను దాదాపు మక్కికి మక్కి దించారు. కాని వాల్వులు, ట్రాన్స్‌ఫార్మర్లు బ్రిటన్‌లో దొరికినవి వేశారు. స్పీకర్లు 10 అంగుళాలవి కాక 12 అంగుళాలవి, అవీ నాలుగు, వెనక మూసిన పెట్టెలో. నకలు కొట్టబోతే వేరే గొంతు పలికింది. బ్రిటిష్ రాక్ అంతా ఆ గొంతు వెంట నడిచింది. ‘ద హూ’ గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ ఇంకా పెద్ద శబ్దం కావాలని అడగడంతో 100 వాట్ల యాంప్‌లు పుట్టాయి.

అలా చిక్కూ మొదలైంది. వాల్వు యాంప్‌లో ఆ గర్జన రావాలంటే సాధారణంగా శబ్దం బాగా పెంచాలి. వేదిక మీద అది సంబరం, అపార్ట్‌మెంట్‌లో పక్కింటివాళ్లతో తగాదా. ఈ చిక్కుకు లెక్కలతో జవాబు చెప్పింది లైన్ 6 కంపెనీ. 1998లో అది తెచ్చిన ‘పాడ్’ చిక్కుడు గింజ ఆకారపు ఎర్ర పెట్టె. గిటార్ సంకేతాన్ని అంకెలుగా మార్చి, పేరుమోసిన యాంప్‌లు దాన్ని ఎలా వంచుతాయో గణించి, హెడ్‌ఫోన్లలో వినిపించేది. 2006లో ఫ్రాక్టల్ సంస్థ ‘యాక్స్-ఎఫ్ఎక్స్’ ఆ గణనను మరింత లోతుకు తీసుకెళ్లింది. 2011లో జర్మనీకి చెందిన క్రిస్టోఫ్ కెంపర్ మరో దారి పట్టాడు. ఎదుటి యాంప్‌లోకి పరీక్ష ధ్వనులు పంపి, మైకుతో విని, దాని స్వభావాన్ని పట్టుకునే యంత్రం చేశాడు. 2013 డిసెంబరులో మెటాలికా రాక్ బృందం అంటార్కిటికాలోని అర్జెంటీనా స్థావరంలో కచేరీ చేసింది. అక్కడి ప్రకృతికి శబ్దంతో హాని కలగకూడదని ప్రేక్షకులకు హెడ్‌ఫోన్లలోనే పాట వినిపించారు. వాల్వు యాంప్‌ల వరసలకు పేరుపడ్డ బృందం ఆ రోజు మోడలర్లతోనే వాయించింది.

వాల్వు ధ్వనిని లెక్కల్లో పట్టడం ఎంత కష్టమో ఒక ఉదాహరణ చెబుతుంది. 2019లో ఫెండర్ తన పాత 22 వాట్ల డీలక్స్ రివర్బ్ వాల్వు యాంప్‌కు డిజిటల్ రూపం తెచ్చింది. ఆ 22 వాట్ల వాల్వు దమ్ము చూపించడానికి లోపల 100 వాట్ల డిజిటల్ యాంప్ పెట్టాల్సివచ్చింది. అయినా బరువు దాదాపు 19 కిలోల నుంచి 10కి దిగింది.

ఇక ఏది కొనాలి? ముందు చెవిని కాదు, గదిని అడగాలి. రాత్రిపూట ఇంట్లో సాధన చేసేవారికి, ఒకే కచేరీలో పది రకాల గొంతులు కావలసినవారికి, యాంప్‌ను మోసుకెళ్లలేనివారికి మోడలర్ మేలు. వాల్వు యాంప్ ఖర్చు కొనడంతో ఆగదు. వాల్వులు అరుగుతాయి, మార్చాలి. వాటిని తయారుచేసేది రష్యా, స్లొవేకియా, చైనాల్లో కొద్ది కర్మాగారాలే. 2022లో రష్యా ఎగుమతులు ఆగినప్పుడు గిటార్ లోకమంతా కంగారుపడింది. యాంప్ లోపల వందల వోల్టులుంటాయి, ప్లగ్ తీసేసినా కెపాసిటర్లలో కొంతసేపు నిలుస్తాయి. తెలియనివారు మూత తీయకూడదు. ఇవన్నీ భరించగలిగి, శబ్దం పెంచుకునే చోటుండి, ఒక్క గొంతుతోనే జీవితకాలం కాపురం చేయగల వారికి వాల్వు యాంప్ ఇచ్చేది వేరు.

అసలు, నకలు అనే తూకం మాత్రం ఇక్కడ చెల్లదు. ఫెండర్ వాల్వు కంపెనీల సర్క్యూట్లను చూసి గీశాడు, మార్షల్ ఫెండర్‌ను చూసి గీశాడు, మోడలర్ ఆ ఇద్దరినీ చూసి గీస్తోంది. తేడా ఒక్కటే. మార్షల్ నకలు సరిగ్గా కుదరలేదు, అందుకే కొత్త గొంతు పుట్టింది. మోడలర్ ఉన్నదాన్ని ఉన్నట్టు దించాలని పట్టుదలగా ఉంది. ఆ పెట్టెను తయారీదారు ఊహించనివిధంగా వాడి, దాని స్పీకర్ మీదా ఎవరైనా బ్లేడు పెట్టినప్పుడు ఈ వంశంలో తర్వాతి కొమ్మ మొలుస్తుంది.