నర్సమ్మ మన భాష మాట్లాడాలంటే

మన్యం చరిత్ర చెప్పుకుంటే జ్వరాల మాట రాక తప్పదు. బ్రిటిష్ వారి కాలంలో ఏజెన్సీకి బదిలీ అంటే ఉద్యోగులు హడలిపోయేవారు. మలేరియా అంత బలంగా ఉండేది. బదిలీ మీద వచ్చినవాళ్లు తిరిగి వెళ్లిపోగలరు, మనం ఎక్కడికి పోతాం? జ్వరాలనూ కాన్పులనూ మనవాళ్లే చూసుకున్నారు. మంత్రసాని పురుడు పోసింది. నాటు వైద్యుడు వేరు అరగదీసి ఇచ్చాడు. మగవాళ్లు డోలీ మోశారు. రోగిని కనిపెట్టుకుని ఉండటం మనకు కొత్త విద్య కాదు. అయితే ఆ పనికి శిక్షణ, సర్టిఫికెట్టు, జీతం వచ్చిన చరిత్రలో మనం చాలా ఆలస్యంగా కనిపిస్తాం.

ఫ్లోరెన్స్ నైటింగేల్ లండన్‌లో నర్సుల శిక్షణాలయం పెట్టింది 1860లో. మద్రాసు ప్రభుత్వ ఆసుపత్రిలో శిక్షణ 1871లో మొదలైంది. గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ ఆసుపత్రి 1898లో వెలిసింది. ఇవన్నీ పట్టణాల్లోనే. ఆ చదువుకు వెళ్లాలంటే ముందు బడి చదువు ఉండాలి. మన గూడేలకు బడే రాలేదు. సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పాలని గిడుగు రామమూర్తి పంతులు పాటుపడ్డారు. కుమ్రం భీం అమరుడైన తర్వాత, 1943లో, ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ చొరవతో గోండు యువకులను గోండు బడులకు ఉపాధ్యాయులుగా తయారుచేశారు. ఊరి మనిషికే శిక్షణ ఇస్తే పని ఊళ్లో నిలుస్తుందని ఆ ప్రయత్నం చూపింది. అదే సూత్రం ఆసుపత్రికీ వర్తిస్తుంది.

స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే, 1947లో, భారతీయ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. తర్వాత ఏఎన్ఎంలు పల్లెలకు వచ్చారు. మైదానంలో 5,000 మందికి ఒక ఉపకేంద్రం అయితే, కొండ ప్రాంతాల్లో, గిరిజన ప్రాంతాల్లో 3,000 మందికే ఒకటి ఉండాలన్నది నియమం. కానీ ఆ కేంద్రంలో కూర్చునే నర్సమ్మకు కువి, కోయ, గోండి, సవర రాకపోతే? ఎప్పటి నుంచి నొప్పి, ఎంత రక్తం పోయింది అన్న ప్రశ్నలకు బాలింత తల ఊపి ఊరుకుంటుంది. ఆ మౌనం ప్రాణం మీదికి తేవచ్చు.

2005లో ఆశా కార్యకర్తలు వచ్చారు. వాళ్లు మన ఊరివాళ్లు, మన భాషవాళ్లు. వాళ్ల పనిలో ఎక్కువ భాగానికి దక్కేది నెల జీతం కాదు, పారితోషికం. భాష తెలిసిన మనిషి నిచ్చెన కింది మెట్టు మీదే ఆగిపోయింది. పై మెట్లు ఎక్కడానికి కావలసింది సైన్సు చదువు. అది మొదలయ్యేది హైస్కూల్లో.

ఒకప్పుడు ఏఎన్ఎం శిక్షణకు పదో తరగతి చాలేది. ఇప్పుడు ఇంటర్ కావాలి. మూడేళ్ల జీఎన్ఎంకూ ఇంటరే, ఏ గ్రూపైనా వెళ్లవచ్చు గానీ సైన్సు ఉంటే మేలు. నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్‌కు బైపీసీ తప్పనిసరి, పదిహేడేళ్లు నిండాలి. జీఎన్ఎంకూ బీఎస్సీకీ అబ్బాయిలూ వెళ్లవచ్చు. అందుకే పది పాసయ్యాక, సీటు దొరికిన గ్రూపులో చేరిపోయే అలవాటు మనకు నష్టం. ఆ ఒక్క నెలలో తీసుకునే నిర్ణయం నాలుగేళ్ల దారిని మూసేయగలదు. ఏ గ్రూపు అన్నది తొమ్మిదో తరగతి నుంచే ఆలోచించాలి.

పాఠాలనూ ఆ చూపుతో చదవాలి. ఒక మిల్లీలీటరుకు 15 చుక్కలు పడే సెట్టుతో 500 మిల్లీలీటర్ల సెలైన్ 5 గంటల్లో ఎక్కాలంటే నిమిషానికి 25 చుక్కలు పడాలి. ఇది లెక్కల మాస్టారు చెప్పే నిష్పత్తే. పదో తరగతి జీవశాస్త్రంలోని అనువంశికత పాఠం మన ఇళ్లలోని సికిల్ సెల్ జబ్బు గురించే. ఆ జబ్బును 2047 నాటికి నిర్మూలించాలని 2023లో జాతీయ కార్యక్రమం మొదలైంది. దాన్ని మన భాషలో వివరించేవాళ్లు ఎవరు? ఇక నర్సింగ్ పుస్తకాలు ఇంగ్లీషులో ఉంటాయి. రోజుకు పది మాటలు నేర్చుకుంటే ఆ భయం తగ్గుతుంది.

ఉపాధ్యాయులకు కొన్ని పనులు మిగిలాయి. కుల ధ్రువపత్రంలో, ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ పది పరీక్ష ఫీజు కట్టేలోపే సరిచూడండి. పిల్లలను ఒకరోజు దగ్గరి ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లి నర్సు పని చూపించండి, రాత్రి డ్యూటీల కష్టం కూడా దాచకుండా చెప్పండి. కాలేజీకి నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూడకుండా ఒక్క రూపాయి కూడా కట్టవద్దని తల్లిదండ్రులకు చెప్పండి.

పిల్లలకు ఒక్క మాట. ఇంగ్లీషు నేర్చుకోండి, తెలుగు నేర్చుకోండి, అమ్మ భాషను మాత్రం హాస్టల్లో వదిలేయకండి. మందుల పేర్లు ఏ నర్సింగ్ కాలేజీ అయినా నేర్పుతుంది. కాన్పు నొప్పులతో ఉన్న మన అక్కతో మన మాటలో మాట్లాడటం మాత్రం ఇంటి నుంచి తీసుకెళ్లాల్సిన విద్యే.