వైఫై లిస్టు ఎవరికి ఇవ్వాలి?

గత భాగంలో నేరస్థ జాతుల చట్టం గురించి రాశాను. 1952లో రద్దయిన చట్టాన్ని ఇప్పుడెందుకు తవ్వుతున్నావని కొందరు అడిగారు. జవాబు శంషాబాద్‌లోనే దొరికింది, నేను పాఠం చెప్పే కాలేజీలో.

మా కాలేజీ పేరు రాయను. విమానం నెత్తి మీద నుంచి దిగుతుంటే పాఠం ఆపి, మోత తగ్గాక మళ్లీ మొదలుపెట్టే కాలేజీ అనుకోండి, చాలు. మా పిల్లల్లో కొందరు ఎయిర్‌పోర్టులో రాత్రి డ్యూటీ చేసి పొద్దున క్లాసుకు వస్తారు. ఫోన్లో డేటా అయిపోతే కాలేజీ వైఫైయే దిక్కు. ఒకరోజు ప్రిన్సిపాల్ గదిలోకి రమ్మని కబురొచ్చింది. మఫ్టీలో ఒక పోలీసాయన కూర్చుని ఉన్నాడు. అంబేడ్కర్ జయంతికి ముందు రాత్రి హాస్టల్లో ఎవరెవరు నెట్ వాడారో లిస్టు కావాలట. కేసు నంబరు లేదు, కాగితం లేదు. కంప్యూటర్ కమిటీలో నేనూ ఒకణ్ని కాబట్టి పిలిచారు.

"లెటర్ ఒకటి ఇస్తే బాగుంటుంది సార్" అన్నాను.

"పోయినసారి అడగలేదే" అన్నాడాయన, నవ్వుతూనే.

ల్యాబ్ చూసుకునే తమ్ముడు ఔట్‌సోర్సింగ్ ఉద్యోగి. బయటికొచ్చాక చెప్పాడు: "అవును సార్, పోయినసారి వాట్సాప్‌ల పంపిన. పంపమన్నరు, పంపిన."

ఎవరి పేర్లు వెళ్లాయో, ఎందుకు వెళ్లాయో ఎక్కడా రాసి లేదు.

అసలు ఆ లిస్టులో ఏముంటుంది? ఏ ఐడీతో లాగిన్ అయ్యారు, ఏ పరికరం, ఎన్ని గంటలకు, ఏ ఐపీ అడ్రసు. ఫైర్‌వాల్‌ను బట్టి, తెరిచిన సైట్ల పేర్లూ ఉండవచ్చు. వేళ్లు ఎవరివో మాత్రం ఉండదు. మా హాస్టల్లో ఒకరి ఐడీతో గదిలో నలుగురూ వాడతారు. సొంతంగా డేటా వేయించుకోగలిగినవాడు ఈ లిస్టులో దొరకడు. లేనివాడు పూర్తిగా దొరుకుతాడు, పక్కవాడు చేసిన దానితో సహా.

ఇక్కడే ఆ పాత చట్టం గుర్తొచ్చింది. 1871లో ఉత్తర భారతంలో మొదలై, 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. పేరు రాయించుకోవాలి, వేలిముద్ర వేయాలి, హాజరు చెప్పుకోవాలి. నేరం జరగకముందే ఎరుకల మనిషి పేరు రిజిస్టరులో ఉండేది. ఊళ్లో ఏదైనా పోతే పోలీసు ముందు ఆ రిజిస్టరే తెరిచేవాడు. మన సాహిత్యంలో 'గుర్తింపు' కోసం ఎన్ని కవితలు రాసుకున్నామో! పోలీసు భాషలోనూ అదే మాట.

కానీ తెల్లవాడి చట్టంలోనే ఇంకో సంగతి ఉంది, దాన్ని మనవాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. 1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 94వ సెక్షన్ ప్రకారం స్టేషన్ అధికారి రాతపూర్వక ఉత్తర్వు ఇచ్చి ఎవరి దగ్గరున్న కాగితాన్నైనా తెప్పించుకోవచ్చు. తపాలా, టెలిగ్రాఫ్ శాఖల చేతిలో ఉన్న ఉత్తరం, టెలిగ్రాం మాత్రం అలా కుదరదు. దానికి 95వ సెక్షన్ వేరుగా ఉంది, జిల్లా మేజిస్ట్రేటు స్థాయి ఉత్తర్వో, సెషన్స్ కోర్టు, హైకోర్టు ఉత్తర్వో కావాలి. 1973 కోడ్‌లో అవే 91, 92 అయ్యాయి. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో మళ్లీ 94, 95. కాలేజీ సర్వర్ తపాలా ఆఫీసు కాదు. కాబట్టి కార్డు ముక్కకు దొరికిన రక్షణ మా పిల్లల నెట్ రికార్డుకు దొరకదు. సరే, ఆ కింది మెట్టు మీదే నిలబడదాం. 94లో కూడా రాతపూర్వక ఉత్తర్వు అనే ఉంది. దర్యాప్తుకో విచారణకో అవసరమై ఉండాలనే ఉంది. నోటిమాట ఏ సెక్షన్లోనూ లేదు.

ఫోన్ ట్యాపింగ్ మీద పీయూసీఎల్ వేసిన కేసులో 1996 డిసెంబర్ 18న సుప్రీంకోర్టు చెప్పిందీ ఇలాంటిదే. హోం సెక్రటరీ స్థాయిలో ఉత్తర్వు, రెండు నెలల గడువు, పైన సమీక్షా కమిటీ. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి తీర్పు గోప్యతను ప్రాథమిక హక్కు చేసింది. ఇంకోవైపు 2022 ఏప్రిల్‌లో సర్ట్-ఇన్ ఆదేశం వచ్చింది, సంస్థలన్నీ 180 రోజుల లాగ్‌లు దాచి ఉంచాలని. దాచడం తప్పనిసరి అయింది. అడిగినప్పుడు ఎలా ఇవ్వాలో మా ల్యాబ్ తమ్ముడికి ఎవరూ నేర్పలేదు.

ఇదంతా చాదస్తం అనుకునేవాళ్లు గచ్చిబౌలి గుర్తు చేసుకోండి. 2016 జనవరి 17న రోహిత్ వెళ్లిపోయాడు. మార్చి 22న, సెలవు మీద వెళ్లిన వైస్ ఛాన్సలర్ తిరిగొచ్చిన రోజు, హెచ్‌సీయూలో లాఠీలు లేచాయి. ఇద్దరు అధ్యాపకులతో సహా 27 మంది చర్లపల్లి జైలుకు వెళ్లారు. హాస్టళ్లకు నీళ్లు, భోజనం, ఇంటర్నెట్ ఆపేశారని విద్యార్థులు చెప్పారు. లోపల ఏం జరుగుతోందో బయటికి చెప్పాల్సిన రోజునే నెట్ పోయింది. రికార్డు ఎవరి చేతిలో ఉంటుందో స్విచ్ కూడా వాళ్ల చేతిలోనే ఉంటుంది.

2018 ఆగస్టు 28న ఇఫ్లూ క్వార్టర్స్‌లో ప్రొఫెసర్ కె. సత్యనారాయణ ఇంటికి పుణె పోలీసులు వచ్చారు. దళిత సాహిత్యం చదివిన మాకు ఆయన పేరు కొత్త కాదు. కంప్యూటర్, ఏళ్ల తరబడి చేసిన పని అన్నీ పట్టుకెళ్లారు. దేవుళ్ల ఫొటోలు లేకుండా ఫూలే, అంబేడ్కర్ ఫొటోలు ఎందుకున్నాయని అడిగారని ఆయన పత్రికలకు చెప్పారు. అంబేడ్కర్ ఫొటో మీదనే అంత అనుమానం ఉన్నప్పుడు, ఏప్రిల్ 13 రాత్రి లిస్టు ఎందుకు అడిగారో నాకు ఒకరు విడమరిచి చెప్పనక్కర్లేదు.

మా దగ్గరికొచ్చిన పోలీసాయన లెటర్ తెస్తానని వెళ్లాడు. మళ్లీ రాలేదు. కమిటీలో నేనొక తీర్మానం పెట్టాను: అడిగిందెవరు, ఏ సెక్షన్ కింద, కాగితం నంబరు ఎంత, ఏం ఇచ్చాం, ఇవన్నీ ఒక రిజిస్టరులో రాయాలి. అడిగినంత మేరకే ఇవ్వాలి, హాస్టల్ మొత్తం కాదు. చట్టం అడ్డు లేకపోతే ఆ విద్యార్థికి చెప్పాలి. ఒక సహోద్యోగి "మనకెందుకండీ" అన్నాడు. ప్రిన్సిపాల్ "చూద్దాం" అన్నారు. ఇంకా చూస్తున్నారు.

ల్యాబ్ తమ్ముడు మాత్రం మరుసటి రోజే ఒక లాంగ్‌బుక్ కొని, స్కేలు పెట్టి గడులు గీశాడు. పోయినసారి పంపిందే మొదటి వరుసలో రాయమన్నాను. తేదీ కోసం వాట్సాప్ వెతుకుదామంటే ఆ పాత ఫోన్ అమ్మేశాడట. తేదీ గడి ఖాళీగా వదిలి, కింద సంతకం పెట్టాడు.