చేపల చెరువు పనివారి చర్మ సంరక్షణ

చేపల చెరువు పనివారి చర్మ సంరక్షణ అనగా చేపల, రొయ్యల చెరువులలో పనిచేసే పురుషులు నీరు, ఎండ, సున్నము, చెమట వంటివాటి నుండి తమ చర్మమును కాపాడుకొనుటకు ప్రతిదినము పాటించే పద్ధతులు. కొల్లేరు సరస్సుకు దక్షిణాన ఉన్న కలిదిండి మండలములోను, చుట్టుపక్కల కైకలూరు, మండవల్లి మండలములలోను ఈ సాగు ఒక ముఖ్య జీవనాధారము. కలిదిండి 2022 ఏప్రిల్ వరకు కృష్ణా జిల్లాలో ఉండేది. ప్రస్తుతము ఏలూరు జిల్లాలో ఉన్నది. నీటిలో దిగి వల లాగే పని ఎక్కువగా పురుషులదే. పురుషుల చర్మ సంరక్షణ అనగానే ముఖమునకు పూసే క్రీములు గుర్తుకు వస్తాయి. కాని ఈ పనివారిని ఎక్కువగా బాధించేవి కాలివేళ్ళ సందులు, మడమలు, గజ్జలు.

చర్మము - నీరు

చర్మము శరీరములో అతి పెద్ద అవయవము. పెద్దవారిలో దీని వైశాల్యము సుమారు 1.5 నుండి 2 చదరపు మీటర్లు. దీని పైపొరలో మృతకణములు ఇటుకలవలె, వాటి నడుమ కొవ్వు పదార్థములు అడుసువలె పేర్చబడి ఉంటాయి. ఈ పొర సుమారు నాలుగు వారములకొకసారి కొత్తది అవుతుంది. టెస్టోస్టిరోను ప్రభావము వలన పురుషుల చర్మము స్త్రీల చర్మము కన్న మందముగా, ఎక్కువ జిడ్డుగా ఉంటుంది. అందువలననే కాబోలు, మగవారికి చర్మ సంరక్షణ అవసరము లేదనే అభిప్రాయము బలముగా నాటుకొన్నది.

అయితే మందము ఎంత ఉన్నా, గంటల తరబడి నీటిలో నానితే పైపొర ఉబ్బి తెల్లబడుతుంది. కణముల నడుమ ఉండే కొవ్వు కొంత పోతుంది. గట్టుకు వచ్చి ఎండలో నిలబడగానే ఆ చర్మము మునుపటి కన్న ఎక్కువగా ఎండి పగులుతుంది. రోజంతా నీటిలో ఉండేవారి కాళ్ళు బీడు భూమివలె పగలడానికి కారణము ఇదే.

చెరువు పనిలో ఎదురయ్యేవి

చెరువు ఎండగట్టిన తరువాత అడుగున సున్నము చల్లుతారు. నీరు కలపని కాల్చిన సున్నము చెమట పట్టిన చర్మము మీద పడితే వేడి పుట్టి కాలుతుంది. పడిన సున్నమును ముందు పొడిగుడ్డతో దులిపివేసి, ఆ తరువాత కనీసము 20 నిముషములు ధారగా నీరు పోయాలి. కంటిలో పడితే వెంటనే నీటితో కడుగుతూ ఆసుపత్రికి వెళ్ళాలి. నీటిని శుద్ధి చేసే బ్లీచింగు పౌడరు కూడా చేతులను ఒరిపిస్తుంది. చేప పేనుకు సైపర్‌మెత్రిన్ వంటి మందు కలిపేవారు ఆ చేతులతో ముఖము తుడుచుకొంటే కొన్ని గంటల పాటు మంట, తిమ్మిరి కలుగుతాయి. రబ్బరు తొడుగులు లేకుండా ఈ పనులు చేయరాదు.

మేత వేసే పని కూడా తడి పనే. ఈ ప్రాంతములో తవుడు, చెక్క వంటి మేతను చిల్లుల సంచులలో నింపి నీటిలో కఱ్ఱలకు వేలాడదీస్తారు. పట్టుబడి రోజులలో తెల్లవారకముందే వల లాగడము మొదలవుతుంది. ఆ హడావిడిలో చేపల ముళ్ళు, రొయ్య తలముల్లు చేతులకు గుచ్చుకొనడము మామూలు. దీనిని చిన్నగాయముగా తీసివేయరాదు. 1926లో చేపలలో మొదట గుర్తించిన మైకోబాక్టీరియం మారినం అనే క్రిమి ఇటువంటి గాయముల ద్వారా ప్రవేశించి, కొన్ని వారముల తరువాత చేతిమీద మానని గడ్డలను పుట్టిస్తుంది. ఇది క్షయ క్రిమికి బంధువు. సాధారణ మందులకు లొంగదు. చేపల పని చేస్తానని రోగి చెప్పకపోతే వైద్యునికి అనుమానము రాకపోవచ్చును. పగిలిన పాదములతో ఎలుకల మూత్రము కలిసిన నీటిలో దిగేవారికి లెప్టోస్పైరోసిస్ అనే జ్వరము వచ్చే ప్రమాదము కూడా కలదు.

పాదములు, గజ్జలు

నీటి నుండి పైకి వచ్చిన వెంటనే కాళ్ళను మంచినీటితో కడిగి, వేళ్ళ సందులను ఒక్కొక్కటిగా పొడి నూలుగుడ్డతో ఒత్తి ఆరనివ్వాలి. తడిసిన డ్రాయరు, లుంగీ మీదనే మధ్యాహ్నము వరకు ఉండడము మంచిది కాదు. మార్చుకొనుటకు ఒక పొడి జత గట్టున ఉంచుకోవాలి. లోపలికి నీరు చేరిన రబ్బరు బూట్లు వట్టికాళ్ళ కన్న ఎక్కువ చెరుపు చేస్తాయి. రాత్రి పడుకొనేముందు మడమలకు కొబ్బరినూనె గాని, వాజలైను గాని పట్టించాలి. వేళ్ళ సందులలో మాత్రము నూనె రాయరాదు, అక్కడ కావలసినది పొడిదనము.

తామర

తడి, చెమట, బిగుతు దుస్తులు కలిసినచోట తామర పుడుతుంది. ఇది ఒక రకమైన బూజు వలన వచ్చే అంటువ్యాధి. అంచు ఎఱ్ఱగా, నడుమ తేలికగా గుండ్రని పట్టీలుగా గజ్జలలోను, నడుము చుట్టూ వ్యాపిస్తుంది. మొలతాడు తడిగా ఉన్నవారికి దాని వెంబడే పట్టీలు రావడము కద్దు. చికిత్స జరిగేంతవరకు మొలతాడు తీసివేయడము గాని, మార్చి పొడిగా ఉంచుకొనడము గాని చేయాలి.

చాలామంది ముందుగా వెళ్ళేది మందుల దుకాణమునకు. అక్కడ దొరికే అనేక మిశ్రమ క్రీములలో బూజును చంపే మందుతో పాటు క్లోబెటసాల్, బీటామెథసోన్ వంటి బలమైన స్టిరాయిడు కూడా ఉంటుంది. స్టిరాయిడు దురదను రెండు రోజులలో అణచివేస్తుంది. దానితో మందు పనిచేసినదని నమ్మకము కలుగుతుంది. అదే సమయములో చర్మము యొక్క రక్షణశక్తి తగ్గి బూజు మరింత లోతుగా, విశాలముగా పాకుతుంది. ఆపగానే దురద రెట్టింపై తిరిగి వస్తుంది. మళ్ళీ అదే ట్యూబు కొంటారు. నెలల తరబడి ఇలా వాడినవారి తొడల లోపలివైపు చర్మము పలుచబడి చారలు పడుతుంది. ఈ చారలు తరువాత పోవు. తామర రూపు కూడా మారిపోయి వైద్యులు గుర్తించడము కష్టమవుతుంది.

భారత ప్రభుత్వము 2018 మార్చిలో 14 రకముల స్టిరాయిడు పూతమందులను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాని షెడ్యూలు హెచ్ పరిధిలోకి తెచ్చినది. అయినా చీటీ అడగని దుకాణములు ఉన్నవి. టెర్బినాఫిన్ అనే ప్రధాన మందుకు తరచుగా లొంగని బూజు జాతికి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. భారత ఉపఖండములో మొదట విస్తరించిన ఈ జాతి తరువాత ఇతర ఖండములలో కూడా కనిపించినది.

సరైన చికిత్సకు కొన్ని వారములు పడుతుంది. మచ్చ కనబడకుండా పోయినా వైద్యుడు చెప్పినంతకాలము మందు వాడవలెను. ఇంటిలో దురద ఉన్నవారందరూ ఒకేసారి చికిత్స పొందాలి. తువాలు ఎవరిది వారికే ఉండాలి, లోదుస్తులు వేడినీటితో ఉతికి ఎండలో తిరగవేసి ఆరవేయాలి. రాత్రిళ్ళు ఎక్కువయ్యే దురద చేతివేళ్ళ సందులలో ఉంటే అది తామర కాక గజ్జి కావచ్చును. దాని మందు వేరు.

స్నానము, గడ్డము

సాధారణ సబ్బు క్షారగుణము కలది. చర్మము స్వల్పముగా ఆమ్లగుణము కలది. కనుక చంకలు, గజ్జలు, పాదములకు తప్ప ఒళ్ళంతా రోజుకు రెండుమూడు సార్లు సబ్బుతో తోమడము అనవసరము. పండుగలకు నువ్వులనూనెతో తలంటుకొని సున్నిపిండితో నలుగు పెట్టుకొనే ఆచారము జిడ్డును పూర్తిగా తీసివేయక చర్మమును మెత్తగా ఉంచుతుంది. తామర, పుండ్లు ఉన్నచోట నలుగు పెట్టరాదు.

గడ్డమును స్నానము తరువాత, వెంట్రుకలు నానినప్పుడు, అవి పెరిగిన దిశలోనే గీయాలి. ఎదురు గీస్తే నునుపు వస్తుంది గాని వెంట్రుక లోపలికి తిరిగి పొక్కులు వస్తాయి. క్షౌరశాలలో ప్రతి మనిషికి కొత్త బ్లేడు వేయమని అడగడములో మొహమాటము అక్కరలేదు, హెపటైటిస్ బి, సి రక్తము ద్వారా వ్యాపిస్తాయి. ఒకే పటిక ముక్కను పదిమంది గాట్లకు రుద్దడము కూడా మంచిది కాదు.

ఎండ

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని సామెత. నీటిలో నిలబడితే చల్లగా ఉంటుంది గాని అతినీలలోహిత కిరణములు ఆగవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము అర మీటరు లోతున కూడా పైనున్న తీవ్రతలో 40 శాతము ఉంటుంది. నల్లని చర్మమునకు సహజ రక్షణ కొంత ఉన్నా మంగు మచ్చలు, ముడతలు తప్పవు. చెమటకు, నీటికి కరిగిపోయే సన్‌స్క్రీను కన్న పొడుగు చేతుల నూలు చొక్కా, తలపాగా ఈ పనికి నమ్మదగినవి.

ఎండకు కమిలిన ముఖమును తెల్లబరుస్తామనే క్రీములు మగవారికి ప్రత్యేకముగా 2005 నుండి మన దేశములో అమ్ముడుపోతున్నవి. వీటిలో పేరు, తయారీ వివరములు లేని ట్యూబులను అసలు వాడరాదు. అటువంటి కొన్నింటిలో పాదరసము ఉంటుంది, అది మూత్రపిండములను దెబ్బతీస్తుంది.

వైద్యునికి చూపవలసినవి

రెండు వారములలో మానని పుండు, జ్వరముతో కూడిన వాపు, రంగు లేదా ఆకారము మారుతున్న పుట్టుమచ్చ ఉంటే వైద్యుని చూడాలి. మధుమేహము ఉన్నవారు ప్రతి రాత్రి అరికాళ్ళను చూసుకోవాలి, గుచ్చుకొన్న ముల్లు వారికి తెలియకపోవచ్చును. దురద, నొప్పి ఏమీ లేక స్పర్శ తగ్గిన పాలిపోయిన మచ్చను తామర అనుకొని క్రీములు పూస్తూ కాలము గడపరాదు. అది కుష్ఠు కావచ్చును. తొలిదశలో గుర్తిస్తే అంగవైకల్యము రాకుండా పూర్తిగా నయమవుతుంది. దానికి కావలసిన బహుళ ఔషధ చికిత్స ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగా లభిస్తుంది.