సెవెరస్ స్నేప్: కథాసూచనలు, ప్రవర్తనాహేతువులు

సెవెరస్ స్నేప్, ఆంగ్ల రచయిత్రి జె. కె. రౌలింగ్ 1997 మొదలు 2007 వఱకు ఏడు సంపుటములుగా వెలయించిన హారీ పోటర్ అద్భుత నవలామాలికలో ఒక ప్రధానపాత్ర. హాగ్వర్ట్స్ మాంత్రిక విద్యాలయమున రసౌషధవిద్య బోధించు ఉపాధ్యాయుడు. ఆతడు ప్రధానాచార్యుడగు డంబుల్డోర్ పక్షమువాడా, దుష్టమాంత్రికుడగు వోల్డెమార్ట్ పక్షమువాడా యను సందేహము తొలి సంపుటమునందే అంకురించి, ఆఱవ సంపుటాంతమున డంబుల్డోర్ ఆతని చేతనే హతుడగుటతో పరాకాష్ఠ నందినది. ఆఱవ సంపుటము వెలువడిన 2005 జూలైకిని, ఏడవది వెలువడిన 2007 జూలైకిని నడుమ పాఠకలోకము రెండు పక్షములుగా చీలి, వెనుకటి గ్రంథములను పంక్తి పంక్తిగా శోధించినది. స్నేప్ చేసిన పనులను రచయిత్రి చాలవఱకు పాఠకుని కన్నులయెదుటనే ఉంచి, వాని హేతువును మాత్రము కడవఱకు మఱుగుపఱచుటయే ఈ చర్చకు మూలము.

కథనపద్ధతి

కథ బహుభాగము ఆ విద్యాలయపు విద్యార్థియు, కథానాయకుడునగు హారీ చూపు వెంబడి నడచును. తరగతిలో తన్ను పదుగురియెదుట అవమానించు ఉపాధ్యాయునియెడ ఆ బాలునికి గల ద్వేషము ప్రతి దృశ్యమునకును రంగు పులుముటచే, పాఠకుడు సంఘటనతోపాటు బాలుని తీర్పును గూడ తనకు తెలియకయే స్వీకరించును. తొలి సంపుటమందలి క్విడిచ్ క్రీడాఘట్టము దీనికి నిదర్శనము. హారీ ఎక్కిన చీపురు ఆకాశమున అదుపు తప్పి ఊగుచుండగా, స్నేప్ ఱెప్పవాల్చక ఆతనివైపు చూచుచు పెదవులు కదల్చుచుండుట ఆతని మిత్రురాలగు హెర్మయనీ కంటబడును. ఆమె పరుగున పోయి స్నేప్ అంగీకి నిప్పంటించును; చీపురు కుదుటబడును; దోషి స్నేపేయని మిత్రులు నిశ్చయించుకొందురు. అయితే ఆ తొందరలో ఆమె క్విరెల్ అను మఱియొక ఉపాధ్యాయుని ముందు వరుసలోనికి తలక్రిందులుగా పడద్రోసి, క్షమాపణ చెప్పుటకైనను నిలువలేదని రచయిత్రి ఒక్క వాక్యమున చెప్పి సాగిపోయినది. శాపము పెట్టినవాడు తానేయనియు, ఆ పడద్రోపుచే చూపు చెదరి శాపము సడలినదనియు, స్నేప్ జపించినది ప్రతిమంత్రమనియు గ్రంథాంతమున క్విరెల్ స్వయముగా వెల్లడించును.

మఱికొన్ని సూచనలు సంపుటముల దూరమును దాటి ఫలించును. తొలి పాఠమున స్నేప్ హారీని గద్దించి అడిగిన ప్రశ్నలలో నొకటి, మేక కడుపున లభించు బెజోర్ అను రాయిని గూర్చినది. అది పెక్కు విషములకు విరుగుడు. ఆఱవ సంపుటమున మిత్రుడగు రాన్ విషము కలిసిన మద్యము త్రాగి పడిపోయినప్పుడు హారీ ఆతని నోట నుంచినది ఆ రాయినే. ఆ యుపాయమును స్ఫురింపజేసినది, హాఫ్ బ్లడ్ ప్రిన్స్ అను మాఱుపేరు గల యొక పూర్వవిద్యార్థి పాతపుస్తకపు అంచున వ్రాసికొనిన వ్రాత. ఆ విద్యార్థి స్నేపేయని తెలిసిన పిదప, తరగతిలో హారీ అసహ్యించుకొనిన గురువును, పుస్తకమున ఆతడు ప్రేమించిన గురువును ఒక్కడేయని తేలును.

గోపురఘట్టము

డంబుల్డోర్ వధ జరిగిన ఘట్టము ఉభయపక్షములకును ఆధారమైనది. మరణమునకు ముందు ఆ వృద్ధుడు స్నేప్‌ను పేరుపెట్టి పిలిచి వేడుకొనును. వేడినది ప్రాణభిక్షయో, ఇచ్చిన మాట నెఱవేర్పుమనియో అచట తెలియదు. విద్యార్థియగు డ్రేకోకు వోల్డెమార్ట్ అప్పగించిన వధను అవసరమైనచో తానే నెఱవేర్తునని స్నేప్ ఆ బాలుని తల్లియగు నార్సిస్సాతో ఉల్లంఘింపరాని ప్రతిజ్ఞ చేసియుండుటను ఒక పక్షము చూపగా, ఆతడు తనకిక ఆ పని చేయ నిష్టము లేదని డంబుల్డోర్‌తో వాదించుట విద్యాలయ వనపాలకుడగు హాగ్రిడ్ చెవిని బడిన వృత్తాంతమును రెండవ పక్షము చూపెను. సూక్ష్మదృష్టి గలవారు మఱియొక పోలికను గుర్తించిరి. గోపురముపై స్నేప్ ముఖమున జుగుప్సయు, ద్వేషమును గూడుకొనియుండెనని రచయిత్రి వ్రాసినది. అంతకు ముందటి ప్రకరణమున, గుహలో డంబుల్డోర్ ఆజ్ఞకు లోబడి ఆతనిచేత బాధాకరమగు ద్రవమును త్రాగించుచున్న హారీకిని ఈ రెండు భావములనే చెప్పియున్నది. హారీ ద్వేషము తనమీదనే. స్నేప్ ద్వేషమును అట్టిదే కావచ్చునని వారి తర్కము. ఏడవ సంపుటము దానిని సమర్థించినది.

హేతువులు

ఆ సంపుటము ముప్పదిమూడవ ప్రకరణమున, మరణించుచున్న స్నేప్ విడిచిన స్మృతులద్వారా రహస్యము విడివడును. బాల్యసఖియగు లిలీని ఆతడు ప్రేమించెను. కోపావేశమున ఆమె పుట్టుకను దూషించి స్నేహమును పోగొట్టుకొనెను. వోల్డెమార్ట్ అనుచరుడై, వోల్డెమార్ట్‌ను జయింపగల శిశువు పుట్టునని తాను పొంచి విన్న జోస్యమును యజమానికి చేరవేయగా, అదియే లిలీ మరణమునకు దారితీసెను. ఆ పశ్చాత్తాపమున ఆమె కుమారుడగు హారీని కాపాడుటకు ఒడంబడెను. శాపగ్రస్తమగు ఉంగరముచే డంబుల్డోర్ ఆయువు ఇంచుమించు ఏడాదికి కుదించుకొనిపోయినందున, వధాభారము బాలుడగు డ్రేకోపై పడకుండ స్నేప్ వహింపవలెనని ఆ వృద్ధుడే కోరెను. అపుడు తన ఆత్మ మాటయేమని స్నేప్ అడిగిన ప్రశ్న, డంబుల్డోర్ ఔదార్యమును గూడ పరీక్షకు పెట్టుచున్నది. చలనచిత్రములలో స్నేప్‌గా నటించిన ఆలన్ రిక్‌మన్‌కు కడపటి సంపుటము రాకముందే రచయిత్రి ఈ రహస్యములో కొంత తెలిపెను.

చర్చ

హేతువు తెలిసినను పాత్రపై తీర్పు కుదురలేదు. ఆతనిని త్యాగశీలియనువారును, మృతురాలియందలి మోహమును విడువలేనివాడనువారును గలరు. హారీపై ద్వేషమునకు, ఆతని తండ్రి జేమ్స్ చేసిన అవమానములు కారణమనవచ్చును. నెవిల్ అను భయస్థుడగు విద్యార్థిని అంతటి కాఠిన్యముతో వేధించుట కట్టి కారణము గ్రంథమున లేదు. మూడవ సంపుటమున ఆ బాలుని మహాభయము స్నేప్ రూపమే దాల్చును. జోస్యము నెవిల్‌కును వర్తించునదేయని, వోల్డెమార్ట్ ఆతనిని ఎన్నుకొనియున్నచో లిలీ బ్రతికియుండెడిదని కొందఱు పాఠకులు సమాధానము చెప్పుదురు. ఇది గ్రంథమందలి విషయములకు విరుద్ధము కాదు గాని, రచయిత్రి నవలలలో ఎచటను స్నేప్ నోట ఈ మాట పలికింపలేదు.