కొమ్మ కోసిన కాపు పెరుగునా?

నందిగామ, జగ్గయ్యపేట మెట్టప్రాంతము 2022 వరకు కృష్ణాజిల్లాలో నుండి, ఆ యేడు ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. అచటి పాత మామిడితోటలలో కొమ్మలు ఒకదానితో నొకటి కలిసిపోయి, లోపల పట్టపగలే నీడ క్రమ్మియుండును. కాయలు చిటారుకొమ్మలందే కాయును, చిక్కమునకు అందవు. అయినను కొమ్మలు కత్తిరింపుమన్నచో రైతు వెనుదీయును. “కాచెడి కొమ్మను ఎవరైన నరుకుదురా?” అని అతని ప్రశ్న. శాస్త్రజ్ఞులకును ఈ సందేహము ఒక్కనాట తీరలేదు.

ఇంగ్లండులో 1894లో ఊబర్న్ ఫలవృక్ష పరిశోధనాక్షేత్రము ఏర్పడెను. అచట స్పెన్సర్ పికరింగ్ ఆపిల్ చెట్లపై పరీక్షలు జరిపెను. లేతచెట్లను ఎక్కువగా కత్తిరించినచో అవి మొత్తముమీద చిన్నవగుననియు, కాపు ఆలస్యమగుననియు తేలెను. కోసినచోట చిగురు జోరుగా వచ్చుట నిజమే. కాని ఆకు పోయినచో అది తయారుచేయు ఆహారమును పోవును. కనుక రైతు భయము వట్టిది కాదు.

మరి చిగురు ఏల వచ్చును? కొనమొగ్గనుండి ఆక్సిన్ అను పదార్థము క్రిందికి దిగును. 1933లో థీమన్, స్కూగ్ అను శాస్త్రజ్ఞులు చిక్కుడుజాతి మొక్కల కొనలు త్రుంచి, ఆ చోట ఆక్సిన్ ఉంచి చూచిరి. పక్కమొగ్గలు అణగియే యుండెను. ఆక్సిన్ ఉంచనివానిలో అవి మేల్కొనెను. ఈ పనిలో స్ట్రిగోలాక్టోనులకును పాలు కలదని 2008లో వెల్లడియైనది.

మామిడికి మరియొక నియమము కలదు. అది ముదిరిన రెమ్మల కొనలందే పూయును. కోత ముగిసిన వెంటనే, తొలకరి వానలలో కత్తిరించినచో, క్రొత్తరెమ్మలు పూతకాలమునకు ముదురును. కార్తీకములో కత్తిరించినచో ఆ యేటి పూత చాలవరకు పోయినట్లే. నడికొమ్మలను తీసి వెలుతురు రానిచ్చినచో కాయ సంఖ్య కొంత తగ్గినను పరిమాణము, రంగు మెరుగుపడును.

లక్నోలో 1972లో కేంద్ర మామిడి పరిశోధనాస్థానముగా వెలసిన సంస్థ, ముసలిచెట్ల తలలు కొట్టి పునరుద్ధరించు పద్ధతిని ప్రచారము చేసినది. అట్టి చెట్టు రెండు మూడేండ్లు కాపునీయదు. కోతగాయములకు రాగిమందు పూయవలెను; కాండము తొలుచు పురుగును కనిపెట్టి యుండవలెను. తోటయే జీవనాధారమైన రైతు అన్ని చెట్లను ఒకేసారి కోయక, వరుస విడిచి వరుస కోసినచో ఇల్లు గడచును, తోటయు నిలుచును.

విద్యార్థులారా! రెండు బంతిమొక్కలు నాటి, ఒకదాని కొన త్రుంచి పది పదునైదు దినములు గమనింపుడు. థీమన్, స్కూగ్‌లు చూచిన వింతలో సగము మీ పెరటిలోనే కనబడును.