డీజిల్ ఫిల్టర్ మార్పిడి

డీజిల్‌లోని నలుసులనూ నీటినీ ఇంజన్‌కు చేరకుండా ఆపే ఫిల్టర్‌ను విప్పి కొత్తది బిగించే పని. పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయ పురం) నగరంలోని మిడిల్ పాయింట్ లాంటి చోట దీన్ని వాయిదా వేయకూడదు. అండమాన్‌కు ఇంధనం ఓడల్లో వస్తుంది. ఏటా 3,000 మిల్లీమీటర్ల దాకా వాన; సగం ఖాళీ ట్యాంకులో గాలిలోని తేమ నీరై అడుక్కి దిగుతుంది. పైగా ఉత్తరానికి వెళ్లే అండమాన్ ట్రంక్ రోడ్డు జిర్కాటాంగ్ దాటాక జారవా ఆదివాసుల రిజర్వులోంచి పోతుంది. అక్కడ వాహనాలు కాన్వాయ్‌గానే కదలాలి, ఆగడం నిషిద్ధం. మోటార్ హోమ్ అయినా టెంపో ట్రావెలర్ అయినా ఈ పని బయలుదేరకముందే అయిపోవాలి.

ఇంజన్ చల్లారాక డ్రెయిన్ స్క్రూ వదులుచేసి నీటిని డబ్బాలోకి దించుతారు. పాత ఫిల్టర్‌తోపాటు దాని రబ్బరు వాషర్ కూడా వచ్చిందో లేదో చూసుకోవాలి; ఒకదానిపై ఒకటి రెండు పడితే లీకు ఖాయం. కొత్త వాషర్‌కు కాస్త డీజిల్ రాసి చేత్తోనే బిగిస్తారు. తర్వాత హ్యాండ్ పంపు కొడుతూ, బ్లీడ్ స్క్రూ దగ్గర బుడగలు ఆగేదాకా గాలి తీస్తారు. ఫిల్టర్‌ను ముందే డీజిల్‌తో నింపి బిగించే అలవాటు పాత ఇంజన్లకు చెల్లింది. వెయ్యి బార్లు మించిన పీడనంతో పనిచేసే కామన్ రైల్ ఇంజన్లలో అలా పోసిన డీజిల్‌లోని చిన్న నలుసు చాలు, ఖరీదైన ఇంజెక్టర్ పాడవడానికి.