ఊసరవెల్లి: గుడ్ల కాలములో వచ్చు వ్యాధులు

ఒట్టపిడారం, కోవిల్పట్టి, విరుదునగరం ప్రాంతములలో తుమ్మ, వేప చెట్లపై కనబడు ఊసరవెల్లిని తమిళమున పచ్చోంది అందురు. కంచెలపై పరుగులు తీయు తొండ (ఓణాన్) వేరు. ఊసరవెల్లి మెల్లగా అడుగు వేయును. రెండు కన్నులను రెండు దిక్కులకు త్రిప్పును. దీనికి విషము లేదు.

చట్టము: మన దేశపు ఊసరవెల్లి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద రక్షణ పొందినది. దీనిని పట్టుట, పెంచుట, అమ్ముట, చంపుట నేరము. యెమెన్, మడగాస్కర్ దేశముల జాతులను పెంచువారు 2024 నాటి నియమముల ప్రకారము పరివేష్ పోర్టలులో నమోదు చేయించవలెను.

గుడ్లు నిలిచిపోవుట: ఆడ ఊసరవెల్లి చెట్టు దిగి, నేల త్రవ్వి, గుడ్లు పెట్టి మట్టి కప్పును. బోనులో లోతైన తడి మట్టి లేనిచో గుడ్లు కడుపులోనే నిలిచిపోవును. మేత మానుట, కన్నులు గుంటలు పడుట, కొమ్మ పట్టలేక క్రింద పడియుండుట దీని లక్షణములు. వైద్యము ఆలస్యమైనచో ప్రాణము పోవును. యెమెన్ జాతి ఆడది మగదానితో కలియకున్నను గుడ్లు పెట్టును. కావున ఒంటరిగా పెంచినను ఈ ప్రమాదము తప్పదు.

ఎముకల వ్యాధి: గుడ్లకు కావలసిన సున్నపు ధాతువు తల్లి ఎముకల నుండియే పోవును. ఎండలోని అతినీలలోహిత కిరణములు సోకనిచో ఎముకలు మెత్తబడి కాళ్లు వంకరపోవును, దవడ సడలును. కిటికీ అద్దము గుండా వచ్చు ఎండ ఇందుకు చాలదు.

నీటి కొరత: ఇది సాధారణముగా గిన్నెలోని నీరు త్రాగదు, ఆకులపై నిలిచిన బిందువులను నాకును. ప్రతి దినము ఆకులపై నీరు చల్లనిచో శరీరము ఎండిపోవును.

మనుషులకు: సరీసృపములు ఆరోగ్యముగా కనబడినను వాటి మలములో సాల్మొనెల్లా క్రిములు ఉండవచ్చును. వీటి వలన విరేచనములు, జ్వరము కలుగును. ముట్టిన పిదప సబ్బుతో చేతులు కడుగవలెను. అయిదేండ్ల లోపు పిల్లలను తాకనీయరాదు. బోనును వంటయింటిలో ఉంచరాదు, కడుగరాదు.

చేలలో కనబడినప్పుడు: నేలపై నడచు ఊసరవెల్లి తరచుగా గుడ్లు పెట్టుటకు దిగిన తల్లియే. అట్టిదానిని రాళ్లతో కొట్టుట, ఇంటికి తెచ్చుట తగదు. కుక్కలను, పిల్లలను దూరముగా ఉంచిన చాలును. పని ముగించుకొని అదియే చెట్టెక్కును. గుడ్లను త్రవ్వి తీయరాదు. అటునిటు త్రిప్పినచో లోని పిండము చనిపోవచ్చును. గాయపడినది కనబడినచో సమీప అటవీశాఖ కార్యాలయమునకు తెలుపవలెను.